పదహారో గడిలో గీత

కారు ఆఫీసు గేటు దాటగానే వెనక సీట్లోంచి సార్ లైట్లు వెయ్యమన్నారు, డ్రైవరు విననట్టు ఊరుకున్నాడు, సార్ మళ్ళీ అన్నారు, అప్పుడు డ్రైవరు అద్దంలో ఆయన ముఖం ఒకసారి చూసి, ఇంత ఎండలోనా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చినట్టుంది, దాన్ని మింగేసి స్టీరింగు పక్కనున్న మీట తిప్పాడు. లైట్లు వెలిగాయో లేదో లోపల కూర్చున్న మాకు తెలియలేదు. ముందు వెళ్తున్న వ్యాను వెనక రేకు మీద రెండు పాలిపోయిన మచ్చలు పడ్డాయి, అంతే. పగటి లైటంటే అంతే, వేసుకున్నవాడికి కనపడదు, ఎదుటివాడికే. నా ఒళ్ళో ఫైలు ఉంది. రెండు వందల పన్నెండు పేజీలు. పగటిపూట కార్లు హెడ్‌లైట్లు వేసుకుని తిరగాలా అక్కర్లేదా అన్న ఒక్క ప్రశ్నకి మా సెక్షను మూడేళ్ళు కూర్చుని రాసిన జవాబు. పదకొండింటికి కమిటీ ముందు సార్ దాన్ని చదువుతారు. వేసుకోవాలి, వేసుకుంటే పగటి ప్రమాదాలు నూటికి నలభై తగ్గుతాయి, అని. ఆ నలభై నేను లెక్క కట్టింది. అది తప్పని నిన్న సాయంత్రం ఐదున్నర నుంచి నాకు తెలుసు. నా ఒక్కదానికే తెలుసు. ఇంకా గంటా పది నిమిషాల టైముంది.

మొదటి మలుపు తిరగ్గానే ఎదురుగా మోటారు సైకిలు మీద వస్తున్నవాడు హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీసి, ఐదు వేళ్ళూ దగ్గరికి ముడిచి విప్పి, ముడిచి విప్పి చూపించాడు, లైటు వెలుగుతోంది చూసుకోమని. డ్రైవరు తల ఊపి, ఒకటి, అన్నాడు. సార్ కాగితాల్లోంచి తలెత్తి ఏంటని అడిగితే, ఏం లేదు సార్, ఊరికే లెక్కపెడుతున్నా, మీ డిపార్టుమెంటుకి లెక్కలంటే ఇష్టం కదా అన్నాడు. సార్ నవ్వారు. ఇవాళ ఆయనకి దేనికైనా నవ్వొచ్చేట్టుంది. ఇస్త్రీ చొక్కా, కొత్త కళ్ళజోడు తాడు, మూడేళ్ళుగా ఆయన్ని నేనిలా చూడలేదు. ఆ వేళ్ళ సైగ మాత్రం నేను పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే. రోడ్డు మీద ఒకరికొకరు ఏమీ కానివాళ్ళు ఒకరికొకరు చేసుకునే ఉపకారం అది, పైసా ఖర్చు లేనిది, నీ బ్యాటరీ పోతుందిరా నాయనా అని చెప్పడం. ఎవరూ కోపంగా చెయ్యరు. మా నాన్న కూడా కోపంగా తీసుకునేవాడు కాదు. స్టీరింగు మీంచి అరచెయ్యి కొంచెం లేపి, తెలుసు తెలుసు అన్నట్టు దించేవాడు, ఒక ట్రిప్పులో వందసార్లయినా. మా నాన్న బస్సు డ్రైవరు. ఆ డిపోలో నూటపాతిక బస్సులుంటే పట్టపగలు లైట్లు వేసుకుని తిరిగేది ఆయన బస్సొక్కటే. పగటిచుక్క అని పేరు పెట్టారు. మీ నాన్న బండెక్కితే పట్టపగలే చుక్కలు చూపిస్తాడే అని కండక్టరు నాతో అని తనే నవ్వుకునేవాడు. ఎందుకలా వేస్తావని నేను ఆరో తరగతిలో ఒకసారి అడిగితే నాన్న చాలాసేపు ఆలోచించాడు, ఆయన ఏది అడిగినా అలాగే ఆలోచిస్తాడు, నాకు పని నేర్పినాయన వేసేవాడు, ఆయన చేతి కింద ఒక్కళ్ళు కూడా పోలేదు అన్నాడు. అదీ కారణం. నేను తర్వాత చదివిన ఏ పుస్తకమూ దీన్ని కారణంగా ఒప్పుకోదు. ఒక్క మనిషి అనుభవం లెక్కకి రాదు అంటుంది. నిజమే, రాదు.

వంతెన మీద బళ్ళు ఆగిపోయాయి. పక్కన ఒకావిడ మోపెడ్ మీద కూరగాయల సంచి కాళ్ళ మధ్య పెట్టుకుని మా కారు ముందు భాగం వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, అద్దం దించమని సైగ చేసి, లైట్లమ్మా అంది. తెలుసండీ, కావాలనే అన్నాను. కావాలనా, అని ఒక క్షణం చూసి, ఎవరికో పిచ్చి ముదిరింది అన్నట్టు పెదవి విరిచి ముందుకు తిరిగింది. నాకు సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళొస్తున్నాయి, డిగ్రీ మీద డిగ్రీ ఉంది, ఇంకా ఆ పాత చోటే సిగ్గు పుడుతుంది, చెవుల కింద, మెడ మీద. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. పరీక్ష రోజు. నాన్న బస్సులోనే స్కూలుకి బయల్దేరాను, ఇంజను మీద దుప్పటి మడత వేసి కూర్చోబెట్టాడు, వేడి తొడలకి తగులుతోంది. వెనక మూడో సీట్లో మా క్లాసు అమ్మాయిలు నలుగురు. వంతెన దాటినప్పట్నుంచీ ఎదురొచ్చిన ప్రతివాడూ వేళ్ళు ముడిచి విప్పుతున్నాడు. వెనక ఆ నలుగురూ వాళ్ళని అనుకరిస్తూ ఎనిమిది చేతులు ముడిచి విప్పి ముడిచి విప్పి నవ్వుతున్నారు. పగటిచుక్క కూతురు అని ఒకతి అన్నది. గట్టిగా అనలేదు. నేను నాన్న వైపు వంగి, ఆర్పెయ్ నాన్నా, అందరూ నవ్వుతున్నారు, అన్నాను. ఆ మాట నా గొంతులో ఎలా పలికిందో ఇప్పటికీ వినపడుతుంది, గారాబంగా కాదు, చిరాగ్గా, పెద్దవాళ్ళు పనివాళ్ళతో అన్నట్టు. ఆయన నా వైపు చూళ్ళేదు. చెయ్యి కదిలింది, టక్ మని చప్పుడైంది, డాష్‌బోర్డు మీద చిన్న నీలం దీపం ఆరింది. తర్వాత నాలుగు నిమిషాలో ఐదు నిమిషాలో.

బళ్ళు కదిలాయి. డ్రైవరు ఏడు అన్నాడు, ఆ మోపెడ్ ఆవిణ్ణి కలుపుకుని. సార్ వెనకాల మొదటి పేరా గొణుగుతూ చదువుకుంటున్నారు, నాలుగు వేల రెండు వందల ప్రమాదాలను పరిశీలించిన మీదట, అని, పరిశీలించిన మీదటా పరిశీలించగానా, ఏది బాగుంటుందమ్మాయ్, అని అడిగారు. పరిశీలించగా బాగుంటుంది సార్ అన్నాను. ఇలాంటివాటికి నా దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది.

ఆ పొద్దున మా బస్సుకి ఎదురొచ్చినాయన దర్జీ. స్కూటరు మీద పక్క సందులోంచి వచ్చాడు, కాళ్ళ దగ్గర బట్టల మూట, కుట్టడం అయిపోయినవి, ఇచ్చి రావడానికి బయల్దేరినవి. పొద్దున ఎనిమిది కాలేదు. సూర్యుడు సరిగ్గా మా బస్సు వెనక ఉన్నాడు, అంటే ఆయనకి ఎదురుగా. ఆయన మా వైపు చూశాడు. అది నేను చూశాను. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూసి, ఏమీ లేదనుకుని రోడ్డెక్కాడు. బూడిద రంగు బస్సు, బూడిద రంగు రోడ్డు, వెనక ఎండ. నాన్న తొక్కిన బ్రేకుకి నేను దుప్పటితో సహా కింద పడ్డాను. లేచి చూస్తే రోడ్డంతా చొక్కాలు, మడతలు నలగని చొక్కాలు, ఒక్కోదానికీ గుండుసూదితో కాగితం ముక్క, ముక్క మీద పెన్సిలుతో ఎవరివో కొలతలు. మనిషి బస్సుకి అటువైపున్నాడు. నన్ను అటు వెళ్ళనివ్వలేదు. ఆ పరీక్ష నేను రాయలేదు, మళ్ళీ రాయించారు, మంచి మార్కులొచ్చాయి.

విచారణలో నాన్నని లైట్ల సంగతి అడిగారు. ఆయన ఎప్పుడూ లైట్లతో తిరుగుతాడని డిపో అంతటికీ తెలుసు కాబట్టే అడిగారు. వంతెన దాకా వేసే ఉంచాను, దాటాక ఆర్పేశాను అన్నాడట. ఎందుకు ఆర్పావంటే, ఆర్పాలనిపించింది అన్నాడట. అంతకు మించి ఒక్క మాట రాలేదు ఆయన నోట్లోంచి, అక్కడా, ఇంట్లోనూ. తప్పు ఆయనది కాదనే తేల్చారు, కానీ ఆయన మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు, తనే అడిగి బళ్ళు కడిగే షెడ్డుకి మారాడు. డ్రైవరు ఉద్యోగమున్నవాడు చేజేతులా గొట్టం పట్టుకోవడమేంటి అని అమ్మ ఏడ్చింది, మావయ్య వచ్చి అరిచి వెళ్ళాడు. నాకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ ఎవరికీ చెప్పలేదు. నాన్న రోజూ సాయంత్రం తడిసి ముడతలు పడ్డ వేళ్ళతో వచ్చి నా పుస్తకాలకి అట్టలు వేసేవాడు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే, కాలేజీ మెట్లెక్కింది నేనే. గణాంక శాస్త్రం ఎందుకు తీసుకున్నావని అందరూ అడిగారు, అదేదో నోరు తిరగని చదువు అన్నారు. సీటు దొరికింది కాబట్టి అని చెప్పేదాన్ని. నిజం అది కాదు. ఆ లైట్లు వెలుగుతూ ఉంటే దర్జీ బతికేవాడా? ఈ ఒక్క సంగతి ఏ శాస్త్రమైనా చెబుతుందేమోనని.

బయలు రోడ్డు అయిపోయి చెట్ల నీడ మొదలైంది. రెండు పక్కలా కొమ్మలు కలుసుకున్నాయి. కారు అద్దం మీద వెలుగు ముక్కలు, చీకటి ముక్కలు, కళ్ళు చికిలించాల్సి వస్తోంది. ఇలాంటి చోటే అసలు ప్రమాదం, ఎదురుగా వచ్చే బండి నీడలో కలిసిపోతుంది, మళ్ళీ ఎండలో తేలుతుంది, మళ్ళీ కలిసిపోతుంది. అదుగో దూరంగా నల్లకారు ఒకటి, లైట్లు లేవు, ఉందీ, లేదూ, ఉంది. దాని వెనక తెల్లది, లైట్లతో, ఎంత దూరం నుంచో తెలుస్తోంది. నేను చూస్తున్నది నిజమే కదా, కళ్ళెదురుగా ఉంది కదా, ఇంక లెక్కెందుకు, సార్ చదివేది చదవనీ అనిపించింది. కానీ ఆ తెల్లకారు ముందు సైకిలు మీద ఒక మనిషి ఉన్నాడు. లైట్ల వైపే చూస్తున్నానేమో, కారు మా పక్కకి వచ్చేదాకా వాణ్ణి నేను గమనించలేదు. కార్లన్నీ వెలుగుతుంటే వెలుగులేని నడిచేవాడూ, సైకిలువాడూ మరింత మాసిపోతారా? అదీ చూడాలని రెండో ఏడు నేను ఒక కాగితం రాసిచ్చాను, దానికి టైము లేదన్నారు సార్. నలభై శాతం వచ్చాక ఇంక అది ఎవరికీ గుర్తు రాలేదు, నాకు కూడా.

ఆ నలభై ఎలా వచ్చిందంటే. ప్రమాదం జరిగితే స్టేషన్లో ఒక ఫారం నింపుతారు, ఇరవై రెండు గడులు, పదహారో గడి బండి లైట్లు, వెలుగుతున్నాయా ఆరి ఉన్నాయా అని. నేను చేరిన మొదటి వారం ఆ ఫారాల గుట్ట నా బల్ల మీద పెట్టి కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. పగటి ప్రమాదాల ఫారాల్లో పదహారో గడిలో చాలావరకు ఒక అడ్డగీత. కంప్యూటరు గీతని తీసుకోదు, వెలుగుతుంటే ఒకటి, ఆరి ఉంటే సున్నా, రెండే తీసుకుంటుంది. గీత ఉంటే ఏం కొట్టాలని పాత గుమాస్తాగారిని అడిగాను. ఏమీ లేదని గదమ్మా గీత, సున్నా కొట్టెయ్, అన్నారాయన బీరువా తాళం వెతుక్కుంటూ. కొట్టాను. కొత్తగా చేరినదాన్ని, ఒకసారి అడిగితే జవాబు చెప్పారు, రెండోసారి అడిగితే ఇది కూడా తెలియదా అనుకుంటారని భయం. మా ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ఆ భయం వేరేగా ఉంటుంది. కాలేజీలో చేరిన రోజు నుంచి నేను ప్రతి ప్రశ్ననీ ఒక్కసారే అడగాలని నియమం పెట్టుకున్నాను, అది క్రమశిక్షణ అనుకున్నాను. నాలుగు వేల చిల్లర సున్నాలు కొట్టాను. నూట ఇరవై ఆరు ఫారాల్లో మాత్రం ఎవరో ఓపికున్నవాళ్ళు వెలుగుతున్నాయి అని రాశారు, వాటికి ఒకట్లు కొట్టాను. ఆ తర్వాత నాలుగు కూడళ్ళలో రెండేసి రోజులు నిలబడి, పగలు లైట్లతో వెళ్ళే బళ్ళెన్నో లెక్కపెట్టాను, నూటికి ఐదు. ప్రమాదాల్లో మాత్రం నూటికి మూడే. అంటే లైట్లున్నవాళ్ళు తక్కువగా గుద్దుకుంటున్నారు. రెంటినీ పక్కపక్కన పెట్టి కడితే నూటికి నలభై తగ్గుదల. ఆ సాయంత్రం సార్ కుర్చీలోంచి లేచి నాకు చెయ్యిచ్చి ఊపారు, ఇది చరిత్రమ్మాయ్ అన్నారు. నేను బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకున్నాను. లైటు కాపాడుతుంది. అయితే నేనే చంపాను. పదహారేళ్ళ తర్వాత తీర్పొచ్చింది, నా చేత్తోనే రాసుకున్నాను. ఏడుపు రాలేదు, చెబితే వింతగా ఉంటుంది గానీ, తేలికైంది. ఈ రూలు వస్తే ఎక్కడో ఎవరో దర్జీ ఇంటికెళ్తాడు. చెల్లుకి చెల్లు కాదు, కానీ ఏదో ఒకటి.

పన్నెండు, అన్నాడు డ్రైవరు. ఈసారి లారీ, హారన్ కొట్టి మరీ చెప్పాడు. ఇంతమంది మంచివాళ్ళున్నారా సార్ మన రోడ్ల మీద, నాకు తెలీదు ఇన్నాళ్ళూ, అన్నాడు. సార్ మళ్ళీ నవ్వారు.

నిన్న రికార్డు గదిలోకి వెళ్ళడానికి కారణం లేదు. రిపోర్టు అయిపోయింది, ప్రింటయింది, అట్టలు కట్టేశారు. ఇవాళ్టికి ముందు ఆ ఒక్క ఫారం కళ్ళతో చూడాలనిపించింది, అంతే. మేం తీసుకున్న ఏళ్ళకి ముందుది కాబట్టి నా గుట్టలో అది ఎప్పుడూ రాలేదు. పై అరలో దొరికింది, ఎలుక ఒక మూల కొరికింది. బస్సు నంబరు, నాన్న పేరు, దర్జీ పేరు, పాడైపోయిన స్కూటరు వివరం, వాతావరణం నిర్మలం, రోడ్డు పొడి. పదహారో గడిలో గీత. మొదట ఏమీ తోచలేదు, ఫారం మూసెయ్యబోయాను. అప్పుడు తట్టింది. నాన్న చెప్పాడు కదా. ఆర్పేశానని నోటితో చెప్పిన మనిషి ఫారంలో ఆరి ఉన్నాయి అని ఉండాలి కదా, గీత ఎందుకుంది? రాసినాయన సంతకం కింద పేరుంది. రిటైరయ్యాడు. పెన్షను సెక్షను వాళ్ళనడిగితే ఫోను నంబరిచ్చారు. ఆయన టీవీ చూస్తున్నాడు, చప్పుడు తగ్గించమని ఇంట్లో ఎవరితోనో అన్నాడు. నేను సంగతి చెబితే నవ్వాడు. పగటి యాక్సిడెంటుకి లైట్లేంటమ్మా, అది రాత్రి గడి, పగలైతే గీత లాగేసేవాళ్ళం అన్నాడు. విచారణలో లైట్ల ముచ్చట వచ్చింటే వచ్చిందేమో, అది తర్వాత మాట, పెద్దవాళ్ళ మాట, ఫారం నింపింది రోడ్డు మీద, బానెట్ మీద పెట్టి, అన్నాడు.

“అంటే, గీత ఉంటే లైట్లు ఆరి ఉన్నాయని కాదాండీ?”

“ఆరి ఉన్నాయనీ కాదు, వెలుగుతున్నాయనీ కాదమ్మా. అడగలేదని. నాకు నేర్పినవాడూ అంతే, నేను నేర్పినవాళ్ళూ అంతే.”

నాలుగు వేల ప్రమాదాల్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ నాలుగు వేల మందిలో ఎందరు లైట్లు వేసుకుని ఉన్నారో ఎవరికి తెలుసు. నూటికి ఇద్దరు అయ్యుంటే చాలు, ఆ నూట ఇరవై ఆరుతో కలిపి ఐదవుతుంది, లైటు వల్ల ఒరిగిందేమీ లేదు. పదిమంది అయ్యుంటే లైటే చెడ్డదనాలి. ఒక్కరూ లేకపోతేనే నా నలభై నిజం. ఫోను పెట్టేసి నేను రికార్డు గదిలో నిచ్చెన మీదే కూర్చుండిపోయాను. నాకు గుర్తున్నది ఆ బెంగ కాదు. ఆ బెంగకన్నా ముందు, రెప్పపాటు, ఒక చెడ్డ సంతోషం కలిగింది. అయితే నేను చంపలేదేమో అని. వెంటనే అదీ కాదని తెలిసింది. వెనక ఎండ అంత ఉండగా రెండు పాలిపోయిన లైట్లు దర్జీ కంటికి ఆనేవా? ఆనేవేమో. నేరమూ తేలలేదు, నిర్దోషిత్వమూ తేలలేదు. నా జీవితంలో పదహారో గడి కూడా గీతే.

సార్ ఇప్పుడు చివరి పేజీలో ఉన్నారు. పొద్దున ఇంట్లో అద్దం ముందు నిలబడి నేను నాకు చెప్పుకున్న కారణాలన్నీ వరసగా వచ్చి ముందు సీట్లో నా పక్కన కూర్చున్నాయి. లైటు వేసుకుంటే ఎవరికి నష్టం. ఇతర చోట్ల జరిగిన పరిశీలనలు కొన్ని మంచిదనే అన్నాయి. మొత్తం పని మళ్ళీ చెయ్యాలంటే ఇంకో మూడేళ్ళు, ఈ లోపల పోయేవాళ్ళ సంగతేంటి. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, ఈ రిపోర్టు మీదే అవుతుందన్నారు. సార్ ముఖం. అన్నిటికన్నా ముందు సార్ ముఖం. ఇంటర్వ్యూలో నేను ఇంగ్లీషులో నాలుగో వాక్యం దగ్గర ఆగిపోతే, తెలుగులోనే చెప్పమ్మా, లెక్కకి భాషేంటి అన్నాయన. తప్పు లెక్కతో మంచి రూలు వస్తే ఆ రూలు మంచిదే కదా? కావచ్చు. కానీ రేపు ఎవరో ఇంకో రికార్డు గదిలో ఇంకో ఫారం తీసి చూస్తారు. అప్పుడు పగటి లైటు మీద మనుషులు ఇంకో ఇరవై ఏళ్ళు నవ్వుతారు. నవ్వితే ఏమవుతుందో నాకు తెలుసు.

“సార్,” అన్నాను. వెనక్కి తిరగలేదు, అద్దంలోంచి ముందుకే చూస్తూ అన్నాను. “ఆ సున్నాలు సున్నాలు కావు సార్. గీతలు.”

చెప్పడానికి పదిహేను నిమిషాలు పట్టింది. నాన్న సంగతి కూడా చెప్పాల్సొచ్చింది, లేకపోతే ఆ ఫారం ఎందుకు వెతికానో అర్థం కాదు. సార్ మధ్యలో ఒక్కసారే, గుమాస్తా చెప్పాడనా, అని అడిగారు. రెండోసారి నేను అడగలేదు సార్ అన్నాను. కారాపు, అన్నారు. డ్రైవరు రోడ్డు పక్కకి తీసి ఆపాడు. సార్ దిగి, తలుపు వేయకుండానే కంకర మీద నడుచుకుంటూ వెళ్ళిపోయారు, విద్యుత్తు స్తంభం దాకా వెళ్ళి వెనక్కి, మళ్ళీ స్తంభం దాకా. ఇస్త్రీ చొక్కా వీపు మీద చెమట. డ్రైవరు నా వైపు తిరిగి, ఆయనకి బాగా కోపమొస్తే ఇంతేనమ్మా, నడుస్తారు, తిట్టేదానికన్నా నయం అన్నాడు. సార్ నడక చూస్తూ, నాకు లెక్కలు తెలీవు గానీ, ఇరవై రెండేళ్ళు తోలానమ్మా, రెండుసార్లు చిన్న చిన్నవి గుద్దాను కూడా, లైటుందా అని నన్నూ ఎవరూ అడగలేదు, అన్నాడు.

సార్ వచ్చి కూర్చున్నారు. ఊరు మొదలైంది, మందుల షాపులు, సైను బోర్డులు, స్కూలు గోడ. నిన్న సాయంత్రమే ఎందుకు చెప్పలేదని అడిగారు. ధైర్యం చాల్లేదు సార్ అన్నాను. ఇవాళ్టికి చదివేద్దాం, తర్వాత సవరణ పంపుదాం, ఎవరి ప్రాణమూ పోదు, అన్నారు. అది నన్ను అడిగినట్టు లేదు, ఆయన్ని ఆయనే అడుగుతున్నట్టుంది. సైకిలువాళ్ళ సంగతి మనం చూడలేదు సార్, పోదని కూడా మనకి తెలీదు, అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తాడుకి వదిలేశారు, అది గుండెల మీద ఊగింది.

“నేను చదవలేను. లోపల నువ్వే చెప్పాలి,” అన్నారు. మళ్ళీ తనే, “పక్కన కూర్చుంటాలే,” అన్నారు.

కమిటీ గదిలో పొడవాటి బల్ల, తొమ్మిది మంది, తొమ్మిది నీళ్ళ సీసాలు. నేను నిలబడి చెప్పాను. ఆరు నిమిషాల్లో అయిపోయింది, మూడేళ్ళ పని. మధ్యలో ఉన్న పెద్దాయన, వెంట్రుకలు పూర్తిగా తెల్లబడ్డాయన, రిపోర్టు అట్ట మీద చెయ్యి పెట్టి, అయితే పగలు లైట్లు వేసుకోవాలా వద్దా, అదొక్కటి చెప్పండి అన్నారు. మా ఇంట్లో తాతకి తెలియదు, అమ్మకి తెలియదు, బ్యాంకులో, ఆస్పత్రిలో, స్కూల్లో, ఎక్కడ నిలబడినా మావాళ్ళు తల వంచుకుని అన్న మాట అదొక్కటే, ఆ మాట నా నోట రాకూడదనే నన్ను చదివించారు.

“తెలియదండీ,” అన్నాను. తల వంచుకోలేదు.

ఎవరో కుర్చీ జరిపారు. ఇంకెవరో మూడేళ్ళేం చేశారని అడిగారు, సార్ లేచి, తప్పు మా సెక్షనుదండీ, ఈ అమ్మాయిది కాదు, అన్నారు. అది పూర్తిగా నిజం కాదు. చివరికి నిర్ణయం వాయిదా వేశారు. పదహారో గడిలో ఇకపై గీత పెట్టకూడదని, పగలైనా సరే బతికున్నవాణ్ణి అడిగి రాయాలని అన్ని స్టేషన్లకీ ఉత్తరం వెళ్తుందన్నారు. నా ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు. సార్ వాళ్ళతో ఉండిపోయారు, నేను వరండాలోకి వచ్చి, ఎండ పడుతున్న కిటికీ పక్కన నిలబడి నాన్నకి ఫోను చేశాను. షెడ్డులో ఉన్నాడు, నీళ్ళ గొట్టం చప్పుడు, రేకు మీద ధార పడుతున్న మోత. ఏమైందమ్మలూ, రూలు వచ్చిందా అన్నాడు. రాలేదు నాన్నా అన్నాను. పోన్లే, అన్నాడు. ఫోను పెట్టెయ్యబోతున్నాడు, ఆయనెప్పుడూ అంతే, పోన్లే అంటే మాట అయిపోయినట్టే.

“నాన్నా, ఆ రోజు నేను ఆర్పమనకపోతే ఆర్పేవాడివి కాదు కదూ?”

నీళ్ళ మోత ఆగింది. ఆయన గొట్టం కట్టేశాడు. షెడ్డులో ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు, దూరంగా. ఆయన ఆలోచిస్తున్నాడు, ఏది అడిగినా ఆలోచించినట్టే, నేను ఎదురుచూశాను. నన్ను ఊరుకోబెట్టడానికి ఏదో ఒకటి అనేస్తాడేమోనని భయపడ్డాను, అనలేదు.

“ఏమో, తెలీదే,” అన్నాడు. “వంతెన దగ్గర్నుంచీ నాకూ సిగ్గుగానే ఉంది. నువ్వనేసరికే చెయ్యి స్విచ్చి మీదుంది.”